రే అలెన్ వెనకడుగులు
అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 2013 ఫైనల్స్ ఆరో మ్యాచ్ చివరి క్షణాలు ఇవాళ మళ్ళీ చూశాను. మయామీ 3 పాయింట్లు వెనక. ఆ జట్టు ఆటగాడు లెబ్రాన్ షాట్ తప్పింది, తిరిగొచ్చిన బంతి (రీబౌండ్) సహచరుడు బాష్ చేతికి చిక్కింది. ఇక బంతిని వదిలేసి మయామీ షూటర్ రే అలెన్ కాళ్ళు చూడండి. చూపు బంతి మీదే, అడుగులు మాత్రం వెనక్కి, కుడి మూలకి.

ఆ మూలలో త్రీ గీతకీ (దాని బయటి నుంచి వేస్తే 3 పాయింట్లు) సైడ్‌లైన్‌కీ మధ్య జాగా 3 అడుగులే. బొటనవేలు గీతను తాకిందా, 2 పాయింట్లే. మడమ బయటపడిందా, బంతి అవతలి జట్టుది. పైగా ఒళ్ళు వెనక్కి పోతుండగా వేస్తే బంతి రిమ్‌దాకా (బుట్ట అంచుదాకా) చేరకపోవచ్చు. అందుకే బాష్ పాస్ అందుకుని, పాదాలు ఆనించి, ఆ ఊపు చంపుకుని, నిటారుగా లేచి త్రీ వేశాడు. 5.2 సెకన్లుండగా స్కోరు 95-95, సమం. ఓవర్‌టైమ్‌లో మయామీ 103-100తో గెలిచింది.

దాన్ని అదృష్టం అంటే నేనొప్పుకోను. నేల మీద పడుకోవడం, చటుక్కున లేవడం, గీత వైపు చూడకుండా వెనక్కి మూలకి చేరడం, పాస్ అందుకుని వేయడం: ఇది అతను ఎన్నోసార్లు చేసిన కసరత్తే. అప్పటికి వయసు 37. మరుసటి ఏడాది ఆట ముగించేసరికి 18 సీజన్లు, 2,973 త్రీలు.