ఏ దేశానికి పోతుందో నారు పోయకముందే చెప్పండి

మూడేళ్ల కిందటి మాట. మా పాలమూరులో అర ఎకరం షేడ్‌నెట్ కింద టమాటా హైబ్రిడ్ విత్తనం తీశాం. మొలక శాతం బాగుంది, స్వచ్ఛత పరీక్ష కూడా పాసయింది, ఇక పని అయిపోయిందనుకుని మొక్కలన్నీ పీకి కాలబెట్టేశాం. పది రోజులకు కంపెనీకి, రైతులకు మధ్య ఉండే ఆర్గనైజర్ ఫోన్ చేశాడు. "అన్నా, మన లాటు ముందనుకున్న దేశానికి కాదంట, వేరే దేశానికి పంపుతరంట. పంట చేను మీద ఉన్నప్పుడే అధికారులు చూసి రోగం లేదని రాసి ఉండాలంట" అన్నాడు. చేనులో బూడిద తప్ప ఏమీ లేదు. ఇప్పుడు ఎవరు వచ్చి ఏం చూస్తారు? ఆ లాటు బయటికి పోలేదు, కంపెనీ వాళ్లు రేటు తగ్గించి లోకల్ లెక్కన కట్టారు, ఆ డబ్బులు కూడా ఎనిమిది నెలలకు గానీ చేతికి రాలేదు. నాకు కోపం వచ్చింది డబ్బుల గురించి కాదు, ఆ ఒక్క ముక్క నాట్లప్పుడే చెప్పి ఉంటే తనిఖీ చేయించి ఉండేవాళ్లం కదా అని.

అప్పటి నుంచి, విత్తనంలో రోగం లేదని రాసిచ్చే ఈ ఫైటో సర్టిఫికెట్ గురించి దొరికిన వాళ్లనల్లా అడుగుతూ తెలుసుకున్నాను. చాలామంది రైతులు ఇది కంపెనీ తెచ్చుకునే కాగితం అనుకుంటారు. ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం అధికారం ఇచ్చిన అధికారులు. 1951లో కుదిరిన అంతర్జాతీయ మొక్కల రక్షణ ఒప్పందం కింద ఒక దేశం ఇంకో దేశానికి ఇచ్చే మాట అది, 'మేం పంపే విత్తనంలో మీరు వద్దన్న పురుగు, తెగులు లేవు' అని. కొనే దేశం ఏమేం వద్దంటుందో ఆ దేశం ఇష్టం, ఒకరి షరతులు ఇంకొకరికి సరిపోవు. అందుకే ఒకే చేనులో పండిన విత్తనం ఒక చోటికి పోతుంది, ఇంకో చోటికి పోదు. విత్తనాల రవాణా కోసమే 2017లో విడిగా ఒక అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది, దాని నంబరు 38. ఇక 2019లో హైదరాబాద్‌లో ఇస్టా (అంతర్జాతీయ విత్తన పరీక్షల సంఘం) మహాసభ జరిగినప్పుడు మన దగ్గర అందరూ విత్తన పరీక్షల గురించి మాట్లాడారు, మంచిదే, కానీ ఇస్టా నారింజ రంగు సర్టిఫికెట్ చూపించినంత మాత్రాన ఫైటో అక్కర్లేదని కాదు, మొలక వేరు, ఆరోగ్యం వేరు.

టమాటాకు ఇప్పుడు పెద్ద టెన్షన్ బ్రౌన్ రుగోస్ వైరస్. 2014లో ఇజ్రాయెల్‌లో, 2015లో జోర్డాన్‌లో బయటపడింది. టొబాకో మొజాయిక్ వైరస్‌ను ఏళ్ల తరబడి ఆపుకుంటూ వచ్చిన టమాటాలోని జన్యువు దీన్ని ఆపలేకపోయింది. 2019 నవంబరులో యూరప్, అమెరికా రెండూ దీని మీద ప్రత్యేక షరతులు పెట్టాయి. యూరప్ పరీక్షకు అప్పుడు ఒక్కో లాటు నుంచి 3,000 విత్తనాలు తీయాలన్నారు. ఆ సంఖ్య ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు. లెక్క ఏంటంటే, వెయ్యి విత్తనాల్లో ఒకటి మాత్రమే పాడైనా 3,000 తీసి చూస్తే నూటికి 95 వంతులు పట్టుబడుతుంది. ఆస్ట్రేలియా అయితే టమాటాలో వైరాయిడ్ల (వైరస్ కంటే చిన్న రోగకారకాల) కోసం 20,000 విత్తనాలు చూడమంటుంది, అంటే అరవై గ్రాముల దాకా ల్యాబులోనే పోతాయి, రెండు మూడు కిలోల చిన్న లాటుకు అది చిన్న మాట కాదు. దోస, పుచ్చ, సొర జాతులకు ఇంకో వైరస్ కోసం విడిగా పరీక్ష అడుగుతారు.

ఇంత పరీక్ష చివర్లో పెడతారు గానీ ఆ వైరస్ మొక్క నుంచి మొక్కకు పోయేది చేతుల మీదుగా. హైబ్రిడ్ కోసం పూలను చేత్తో కలిపే మన క్రాసింగ్ పని చూసిన వాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీస్తారు, పొద్దున పుప్పొడి అద్దుతారు, ఒక్క మనిషి వందల పూలు ముట్టుకుంటుంది. ఒక మొక్కకు ఉంటే ఆ చెయ్యి, ఆ పట్టకారు దాన్ని వరుస మొత్తానికి అంటిస్తుంది. అందుకే నెట్ లోపలికి తంబాకు, గుట్కా తేవద్దంటాం, పొగాకులో మొజాయిక్ వైరస్ బతికే ఉండొచ్చు. చేతులు సబ్బుతో కడిగాక వెన్న తీసిన పాలపొడి కలిపిన నీళ్లలో ముంచమంటాం, పాలలోని ప్రోటీన్ వైరస్‌ను పట్టుకుని మొక్కకు అంటనివ్వదు. మొదటి రోజు పనికొచ్చిన ఒక అక్క నిలదీసింది, "పిల్లలకు పోయాల్సిన పాలల్ల చేతులు ముంచుడేందన్నా?" అని. ఆమె అడగడం న్యాయం. అంతకుముందు సంవత్సరాల్లో ముంచమని చెప్పాం తప్ప ఎందుకో ఎవరికీ చెప్పలేదు, చూడకుంటే ముంచకుండా పోయేవాళ్లు. ఆ రోజు పని ఆపి గట్టు మీద కూర్చోబెట్టి, రోగం ఉన్న ఆకుల ఫోటోలు ఫోన్‌లో చూపించి, చేతి నుంచి చేతికి ఎలా పోతుందో చెప్పాను. ఆ తర్వాత గోళెంలో నీళ్లు పాతబడితే వాళ్లే పారబోసి కొత్తవి కలపమంటున్నారు. ఆకు ముడుచుకున్న మొక్క కనిపిస్తే ముట్టుకోకుండా పక్కన కర్ర గుచ్చి నన్ను పిలుస్తున్నారు. ల్యాబులో 3,000 విత్తనాలు చూసే మనిషికంటే ముందు చూసేది వీళ్లు, కైకిలి (కూలి) మాత్రం ఆ లెక్కన లేదు, అది నన్ను బాధపెడుతుంది.

మధ్యలో ఒక మాట. అమెరికాలో ఉన్న కొడుకుకు బీర, చిక్కుడు విత్తనాలు కవరులో పెట్టి పంపేవాళ్లు మా ఊళ్లో కూడా ఉన్నారు. ఇంటి పెరడు కోసమైనా అక్కడి నిబంధనలు వర్తిస్తాయి. కొన్ని రకాలకు ఫైటో లేకుండా చిన్న పొట్లాలుగా తెప్పించుకునే పర్మిట్ అక్కడి వాళ్లే ముందుగా తీసుకోవాలి, ఒక్కో పొట్లంలో 50 గింజలు గానీ 10 గ్రాములు గానీ మించకూడదు. యూరప్‌కైతే 2019 డిసెంబరు 14 నుంచి విత్తనాలకు ఫైటో లేకుండా కుదరదు.

ఈసారి హైబ్రిడ్ తీయడానికి కంపెనీ ఇచ్చే ఆడ, మగ మొక్కల విత్తనాలు వచ్చినప్పుడు ఆ ప్యాకెట్లకు వైరస్ పరీక్ష అయిందా అని మొదటే అడిగాను, రిపోర్టు కాపీ ఇచ్చారు. రెండోది, ఒప్పందం కాగితం మీద దేశం పేరు రాయమన్నాను. "అది ఇప్పుడే తెలియదు, పంట వచ్చాక చూద్దాం" అన్నారు. తెలియకపోతే మీరు అమ్మే దేశాలన్నిట్లో గట్టి షరతులు ఏ దేశానివో అవి రాయండి, ఆ లెక్కన తనిఖీకి ముందే దరఖాస్తు పెడదాం అన్నాను. ఇంకా జవాబు రాలేదు. ట్రేలు కడిగి ఎండబెట్టాం, కోకోపీట్ తడిపి పెట్టాం, కాగితం వచ్చేదాకా విత్తనం ప్యాకెట్ విప్పేది లేదని ఆర్గనైజర్‌కు నిన్న మళ్లీ చెప్పాను.