మంచు పాఠం, లాకుల పాఠం

నిన్న అమలాపురంలో మా మేనకోడలిని ఇంగ్లీషు చదివిస్తున్నాను. ఏడో తరగతి. మంచు గురించిన పేజీ గడగడా చదివేసింది. ఏం అర్థమైందమ్మా అంటే నోరు మెదపలేదు.

తర్వాత ధవళేశ్వరం ఆనకట్ట గురించిన పేజీ ఇచ్చాను, అదీ ఇంగ్లీషులోనే. 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట, కాలవలు, లాకులు. మాటలు ఇంకా కష్టం. అయినా మధ్యలోనే ఆగి, "అత్తా, మన కాలవకి నీళ్లొచ్చేది ఇలాగేగా!" అంది. స్లూయిస్ అంటే తూమని తనే ఊహించింది! ఎంత సంతోషం వేసిందో.

పేజీలో నూటికి ఇంచుమించు 98 మాటలు తెలిస్తేగానీ ఎవరి సాయం లేకుండా బాగా అర్థం కాదని పరిశోధకులు అంటారు. నిజమే. కానీ విషయం తెలిసినదైతే ఆ లోటు కొంత పూడుతుంది. ఇన్నాళ్లూ పిల్లతో అర్థాలు బట్టీ పట్టించాను, పాపం.

రేపు మంచు పాఠం మళ్లీ తీస్తాం. ముందు ఫ్రిజ్‌లో ఐసు గీకి దాని చేతిలో పెడతాను.