తలకోనలో ఒక చందనం కాయ, ఒక పేరీత చెట్టు

మా బాబాయికి భాకరాపేట దగ్గర రెండెకరాల మెట్ట ఉంది. ఇరవై ఏళ్ళ కిందట ఎవరో చెప్పారని గట్ల వెంబడి ఎర్రచందనం మొక్కలు పెట్టాడు. సొంత పొలం, సొంత చేత్తో నాటి నీళ్ళు పోసిన చెట్లు, అయినా కొట్టాలంటే అటవీశాఖ పర్మిషన్ కావాలి, కొట్టాక బండికెత్తాలంటే ఇంకో పర్మిట్. ఆ కాగితాలు ఎట్లా పెట్టాలో చూద్దాం రమ్మంటే ఫిబ్రవరిలో వెళ్ళాను. ఆఫీసులో సారు క్యాంపులో ఉన్నాడు, రెండు రోజులాగి రండి అన్నారు. "సరే, యాడికీ పోకుండా ఇంట్లో కూర్చొని ఏం చేస్తావు, తలకోన పోయి రా" అని బాబాయి తన మోపెడ్ తాళం నా చేతిలో పెట్టాడు.

భాకరాపేట నుంచి నెరబైలు మీదుగా దారి. రోడ్డు బాగానే ఉంది, నెరబైలు దాటాక రెండు పక్కలా చెట్లు దగ్గరకొచ్చేసి ఎండ కనపడదు. చెక్‌పోస్టు దగ్గర టికెట్టు తీసుకున్నాను. సంచిలో ప్లాస్టిక్ ఏమన్నా ఉందేమో చూశారు. నా ముందున్న కారువాళ్ళ చేత డిక్కీ తెరిపించి, "వచ్చేటప్పుడు కూడా ఆపాలి, చూస్తాం" అని చెప్పారు. ఏం చూస్తారో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు, దుంగలు.

జలపాతం గురించి ఎక్కువ రాయను. 270 అడుగుల ఎత్తు అంటారు, ఫిబ్రవరిలో పోతే తడిసిన దారం వేలాడదీసినట్టుంటుంది. వానలు పడ్డాక నవంబరులో పోవాలి. కింద సిద్ధేశ్వరస్వామికి దండం పెట్టుకుని, పైకి నడిచే దారిలో గిల్లతీగ చూశాను. తీగ అంటే పందిరి మీద పాకేది అనుకునేవాణ్ణి, ఇది నా తొడంత లావుంది, చెట్టు మీంచి చెట్టు మీదికి పోతూనే ఉంది.

నాకు తోడొచ్చిన కుర్రాడు అక్కడి పల్లె వాడే, వాళ్ళ నాన్న బాబాయికి తెలుసు. మాట తక్కువ, నడక ఎక్కువ. వాడి వెనకాల పడి జనం పోయే దారి వదిలి, పైన గట్టున ఉన్న కాలిబాట పట్టాం. కాసేపటికి నీడ పోయి బండలు, బోద గడ్డి, ఆకు రాలిన చెట్లు మొదలయ్యాయి. వాటిలో కొన్నిటి బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంది. ఎర్రచందనం. బాబాయి పొలంలో రోజూ చూసేవే అయినా, ఇక్కడ ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా రాళ్ళ మధ్య నిలబడ్డాయంటే వేరేగా అనిపించింది. ప్రపంచంలో ఈ చెట్టు తనంతట తాను పుట్టే చోటు ఇదే, ఒకప్పటి కడప, చిత్తూరు జిల్లాల కొండలు, ఆ పక్కన నెల్లూరు, కర్నూలు, ప్రకాశం వైపు కొంచెం.

కొమ్మల నిండా ఎండు కాయలు. కాయ అంటే గుండ్రంగా, పలచగా అప్పడంలా ఉంటుంది, మధ్యలో గింజ ఉన్నచోట ఉబ్బి, చుట్టూ రెక్క. పూత పూసిన దగ్గర్నుంచి ఎండి రాలేదాకా దాదాపు ఏడాది పడుతుంది. కింద పడి ఉన్నదొకటి తీసి, బాగుందే అని చొక్కా జేబులో వేసుకున్నాను.

"తీసుకోబాకన్నా, ఆడే పెట్టేయ్" అన్నాడు కుర్రాడు.

నేను నవ్వాను. రాలిన కాయ కదా. వాడు నవ్వలేదు. "రాలిందైనా అడవిదే. మొన్న ఎవరో ఇట్లనే సంచి నిండా వేసుకుంటే ఎన్ని గంటలు కూర్చోబెట్టినారో నన్నడుగు."

తిరిగొచ్చాక వెతికి చూస్తే వాడి మాటే నిజం. 1967 నాటి మన అటవీ చట్టం ప్రకారం రిజర్వు ఫారెస్టులో ఆకు, కాయ, గింజ అన్నీ అటవీ ఉత్పత్తులే, కలప ఒక్కటే కాదు. 2016లో ఎర్రచందనం కోసమే ఆ చట్టాన్ని సవరించి శిక్షలు బాగా పెంచారు. తిరుపతిలో స్పెషల్ టాస్క్‌ఫోర్స్ ఉంది. అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేయడానికి దేశాలు చేసుకున్న సైటిస్ అనే ఒప్పందం ఉంది, 1995 నుంచి ఎర్రచందనం అంతర్జాతీయ వ్యాపారం మీద దాని రెండో అనుబంధం ఆంక్షలున్నాయి. ఇంత ఉన్నా దుంగలు పోతూనే ఉన్నాయి, కొట్టే కూలీలు దొరుకుతారు, కొనేవాడు దొరకడు. 2015 ఏప్రిల్ 7న ఈ కొండల్లోనే తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ సంగతి ఎత్తితే కుర్రాడు జవాబు చెప్పకుండా ముందుకు నడిచాడు. నేనూ కాయ కింద పెట్టి వాడి వెంట పోయాను.

ఇంకో అరగంట ఎక్కాక ఒక బండ పక్కన చిన్న ఈతచెట్టు కనిపించింది. నా నడుమెత్తు కూడా లేదు. మాను బొగ్గులా నల్లగా కాలిపోయి ఉంది, పోయిన వేసవిలో మంటలొచ్చాయట. దాని నెత్తిన మాత్రం పచ్చగా ఆకుల గుత్తి. "ఈత కాదన్నా, పేరీత" అన్నాడు వాడు. "మా తాత అట్లంటాడు, కొందరు మదనకామాక్షి అంటారు."

కూర్చుని ఆకు తిప్పి చూశాను. చీలికలు సన్నగా, గట్టిగా ఉన్నాయి, అంచులు అడుగువైపుకి చుట్టుకుపోయి ఉన్నాయి, గోటితో విప్పబోతే విడలేదు. ఇది అసలు ఈత జాతే కాదు, సైకస్. మన టౌన్లలో గేటు పక్కన కుండీలో పెట్టే సైకస్‌కి చుట్టం, కానీ అది జపాన్ వైపుది, ఇది ఈ కొండలది. పేరు సైకస్ బెడ్డోమై. మద్రాసు అటవీశాఖకి పెద్దగా చేసిన బెడ్డోమ్ అనే దొర పేరు మీద 1883లో పెట్టారు. మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. మగ చెట్టు నెత్తిన వచ్చే కంకిని బలానికి మందని కోసుకుపోయి అమ్ముతారు. అది కోసేస్తే పుప్పొడి ఏది, పక్కనున్న ఆడ చెట్టుకి గింజ ఎట్లా పట్టేది? మంటకి చావని మొక్క మనిషి మందుకి చస్తోంది.

నన్ను కుదిపేసిన సంగతి ఇది కాదు. ఎర్రచందనానికి కూడా లేని రక్షణ కాగితం మీద ఈ బుడ్డ చెట్టుకి ఉంది. సైటిస్‌లో దీనిది మొదటి అనుబంధం, పులి ఉన్న జాబితా. మన వన్యప్రాణి చట్టం 1972లో వచ్చినప్పుడు మొక్కల ఊసే లేదు, 1991 సవరణలో వాటికో అధ్యాయం పెట్టి దేశం మొత్తం మీద ఆరంటే ఆరు పద్దులు రాశారు, అందులో ఇదొకటి. పీకినా, కోసినా, అమ్మినా, దగ్గర పెట్టుకున్నా నేరమే. 2022 సవరణ తర్వాత మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఒక్క మినహాయింపు నాకు నచ్చింది, షెడ్యూల్డ్ తెగల వాళ్ళు తాము ఉండే జిల్లాలో సొంత వాడకానికి తీసుకోవచ్చు. ఈ కొండల కింద బతికే యానాదులను గుర్తుపెట్టుకుని ఎవరో రాసినట్టుంది.

"దీన్ని కోస్తే జైలని తెలుసా?" అని అడిగాను.

"చందనానికి తెలుసు. దీనికి కూడా ఉందా?" అన్నాడు. రోజూ ఈ గట్టు ఎక్కి దిగే మనిషి వాడు. కింద జలపాతం దగ్గర ఎర్రచందనం ముట్టుకోరాదని బోర్డు చూశాను, పేరీత బొమ్మ నాకెక్కడా కనిపించలేదు. ధర ఉన్న చెట్టుకి కాపలా, ధర తెలియని చెట్టుకి చట్టం, నాకట్లా అనిపించింది. ఒక రంగు బొమ్మ, కింద తెలుగులో రెండు ముక్కలు రాస్తే అయ్యే పని.

సాయంత్రం చెక్‌పోస్టులో మోపెడ్ ఆపి సంచి దులిపించారు. జేబులు చూడలేదు, చూసినా ఏం లేదు.

రాత్రి అన్నాలు తింటూ కాయ సంగతి చెబితే బాబాయి పడీపడీ నవ్వి, పొద్దున్నే పొలానికి పోయి తువ్వాలు నిండా ఏరుకొచ్చి నా ముందు పోశాడు. "ఇవి మనయ్యే, ఎన్ని కావాల్నో తీసుకో" అన్నాడు. రెండు ఏరి కవర్లో వేసుకున్నాను. ఆఫీసుకి బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర ఆగి, "ఒరే, ఆ కవరు ఇంట్లోనే పెట్టిపో" అన్నాడు, "సారు చూసి దానికీ ఒక ఫారం ఇస్తాడేమో."