రెండు గంటలైనా తీయబుద్ధి కావట్లేదు

ఇన్నాళ్లూ బేస్ ఎంత గట్టిగా కొడితే హెడ్‌ఫోన్స్ అంత గొప్పవి అనుకునేదాన్ని. పాత క్లోజ్డ్ బ్యాక్ (వెనక మూసి ఉండే) జత గంట పెట్టుకుంటే చాలు, కళ్లద్దాల కాడలు కణతల్లోకి దిగి, చెవులు చెమటపట్టి, తలనొప్పి వచ్చేసేది. పోయిన నెల ధైర్యం చేసి సెన్‌హైజర్ హెచ్‌డీ 600 కొన్నాను. 1997లో వచ్చిన మోడల్, ఇప్పటికీ కొత్తవాటిని దీంతోనే పోల్చి చూసేవాళ్లున్నారు.

మొదట ఫోన్‌కి తగిలిస్తే సౌండ్ సన్నగా వచ్చింది, కాసేపు టెన్షన్ పడ్డాను. దీని ఇంపీడెన్స్ (కరెంట్‌కి అడ్డుపడే గుణం) 300 ఓమ్‌లు, అంటే వోల్టేజ్ బాగా కావాలి, నా ఫోన్ అంత ఇవ్వలేదని తర్వాత తెలిసింది. చిన్న డాక్ యాంప్ (డిజిటల్ పాటని సౌండ్ సిగ్నల్‌గా మార్చి బలం పెంచే పెట్టె) ఒకటి టేబుల్ మీద పెట్టాక వీణ తీగ మీద వేలు జారే చప్పుడు కూడా విడిగా వినిపించింది, నిజంగా ఒళ్లు పులకరించింది!

ఇది ఓపెన్ బ్యాక్ (వెనక తెరిచి ఉండేది) కదా, ఫ్యాన్ గోల లోపలికొస్తుంది, మనం వినేది పక్కవాళ్లకూ వినిపిస్తుంది, బస్సులో అస్సలు పనికిరాదు. అందుకే రాత్రి ఇల్లు సద్దుమణిగాక ఫ్యాన్ ఒకటిలో పెట్టి, సన్న కాడల కళ్లద్దాలు పెట్టుకుని, వాల్యూమ్ తక్కువలోనే వింటున్నాను. ప్యాడ్లు మెత్తగా ఉన్నాయి, చెవి మొత్తం లోపల పడుతుంది.

నిన్న అమ్మకి పెట్టాను. కళ్లు మూసుకుని కచేరీ మొత్తం వినేసింది.