ముందు పెన్ను వెతుక్కుంటాను

ఫోనెత్తగానే నా పేరు చెప్పను. "ఒక్క నిమిషం అండీ, పెన్ను ఎక్కడో పెట్టాను, ఆఁ, దొరికింది, ఇప్పుడు చెప్పండి" అంటాను. పెన్ను చేతిలోనే ఉంటుంది. చాలాసార్లు రాసుకునేంత విషయమూ ఉండదు. ఆ పది మాటలూ నాలుకని దారిలో పెట్టుకోవడానికి. వాటిలో ఏది నలిగినా పర్వాలేదు, పేరు నలిగితేనే చిక్కు. ఒకసారి బ్యాంకు వాళ్ళు పేరు, పుట్టిన తేదీ అడిగారు. మూడుసార్లు చెప్తే మూడు రకాలుగా వచ్చింది. "ఖాతా ఎవరిదో వాళ్ళకి ఫోన్ ఇవ్వండి" అందావిడ. నాది నాకే ఇవ్వాల్సొచ్చింది.

నాకున్నది మయోటోనిక్ డిస్ట్రోఫీ అనే కండరాల జబ్బు, మొదటి రకం. స్టైనర్ట్ అనే జర్మన్ వైద్యుడు 1909లో దీని గురించి రాశాడు, అందుకే ఇప్పటికీ కొందరు ఆయన పేరుతోనే పిలుస్తారు. జన్యువు ఆచూకీ 1992లో గానీ దొరకలేదు. 19వ క్రోమోజోములో సి, టి, జి అనే మూడక్షరాలు ఒకదాని వెనక ఒకటి కొన్నిసార్లు రాసి ఉండడం అందరికీ మామూలే. మాకు అవి ఆగకుండా వందలసార్లు కూడా వచ్చేస్తాయి. నత్తి మొదట జన్యువుకి, ఆ తర్వాతే నాకు.

నిజానికి నాది నత్తి కాదు. రెండు వేర్వేరు ఇబ్బందులు ఒకే నోట్లో కాపురం పెట్టాయి. మొదటిది బిగుసుకోవడం. ఎవరితోనైనా చెయ్యి కలిపితే నా వేళ్ళు వెంటనే విడివడవు, అవతలివాళ్ళు అది ఆప్యాయత అనుకుంటారు. నాలుకదీ అదే తంతు. కాస్త వాడితే సడలుతుంది. రెండోది బలహీనత, దానికి వాడకమే పడదు. అంటే మొదటి రెండు వాక్యాలూ ముద్దముద్దగా వస్తాయి, తర్వాత కాసేపు శుభ్రంగా మాట్లాడతాను, ఆపైన మాట జారిపోతూ ఉంటుంది. నాతో పనున్నవాళ్ళు మధ్యలో దొరికే ఆ కాసేపు పట్టుకోవాలి. కానీ చాలామంది మొదటి వాక్యం దగ్గరే జాలిపడి, మిగతాది వాళ్ళే పూర్తి చేసి వెళ్ళిపోతారు. పూర్తి చేసింది తప్పు అని చెప్పడానికి మళ్ళీ మొదటి వాక్యం కావాలి.

అక్షరాల్లో నాకు బద్ధశత్రువు బ. అది పలకాలంటే పెదాలు గట్టిగా మూసుకోవాలి. అదే సమయంలో అంగిలి వెనకున్న మెత్తటి భాగం పైకి లేచి ముక్కు దారి మూసెయ్యాలి. అప్పుడే లోపల గాలి కూడుకుంటుంది. నాది లేవదు. గాలి ముక్కులోంచి తప్పించుకుంటుంది, బ కాస్తా మ అవుతుంది, డ ణ అవుతుంది. "బడి" అంటే "మణి" అని వినిపిస్తుంది. మాట నేర్పే థెరపిస్టు నా ముక్కు కింద చిన్న అద్దం పెట్టి "పాప" అనమన్నారు. అద్దం మీద ఆవిరి పట్టింది. పట్టకూడదట. ఇరవై ఏళ్ళుగా నన్ను అడ్డం పెట్టుకుని ఆడిన ఆట ఏమిటో ఆ మసకలో కనిపించింది.

చిన్నప్పుడు మా అమ్మ తిట్టేది: "ముక్కుతో మాట్లాడకురా, నోరు తెరిచి ఏడు!" నాకు పరీక్షలు చేసి తేల్చాక అమ్మకీ చేయించమన్నారు. ఆమెకి నలభై దాటగానే కంట్లో శుక్లాలొచ్చి ఆపరేషన్ అయింది, అంతకుమించి ఏమీ లేదు. రిపోర్టు వచ్చింది. నాకు వచ్చింది ఆమె దగ్గర్నుంచే. తరం మారేకొద్దీ ఇది ఇంకా ముందుగా, ఇంకా గట్టిగా బయటపడుతూ ఉంటుందని డాక్టరు చెబుతుంటే అమ్మ నేలకేసి చూస్తూ కూర్చుంది. ఆ తిట్టు సంగతి మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు.

"గట్టిగా మాట్లాడు" అని సలహా ఇచ్చేవాళ్ళకి ఒక మాట. గట్టిగా అరిస్తే నాకు ఆయాసం తప్ప అక్షరం రాదు. నిదానంగా, ఊపిరికి నాలుగు మాటల చొప్పున, ఎదుటివాళ్ళు నా మొహం చూస్తుంటే పని జరుగుతుంది. మొహం చూసి నా మనసు కనుక్కుందామని మాత్రం అనుకోకండి. అక్కడి కండరాలూ సెలవులోనే ఉన్నాయి. లోపల పగలబడి నవ్వుతున్నా బయటికి విసుక్కుంటున్నట్టే ఉంటాను.

ఇదే జబ్బు ఉన్నవాళ్ళు చదువుతుంటే ఇంకొకటి. మాట మీదే ధ్యాస పెట్టి మింగడం సంగతి మరిచిపోకండి, నీళ్ళు తాగేటప్పుడు దగ్గొస్తుంటే డాక్టరుకి చెప్పండి. ఏడాదికోసారి ఈసీజీ, మత్తు ఇచ్చే ముందు ఈ జబ్బు పేరు చెప్పడం ఎలాగూ తప్పవు.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. తనకి రావడానికి సగానికి సగం అవకాశం ఉంది. లక్షణాలేవీ లేవు కాబట్టి పరీక్ష ఇప్పుడు చేయించలేదు. పెద్దయ్యాక చేయించుకోవాలో వద్దో తనే తేల్చుకుంటుంది. తనని నేను పుట్టినప్పట్నుంచీ "బుజ్జీ" అనే పిలుస్తున్నాను, అంటే "ముజ్జీ" అని. అదే తన ముద్దుపేరనుకుంది. నోటుపుస్తకాల అట్టల మీద "ముజ్జి" అనే రాసుకుంటుంది.

పోయిన నెల పళ్ళ డాక్టరు నాకొక పలక అమర్చారు. పై పళ్ళకి తగులుకుని, వెనకనున్న చిన్న తోకతో మెత్తటి అంగిలిని ఎత్తిపెడుతుంది. మొదటి వారం వాంతి వచ్చినట్టే ఉండేది. రెండో వారం ఒక సాయంత్రం, నాలుక కూడా దారిలో ఉండగా, గదిలోకి కేకేశాను. "బుజ్జీ!" బ అచ్చంగా బలాగే పడింది. నాకే నమ్మబుద్ధి కాలేదు.

తను తల కూడా ఎత్తలేదు. మళ్ళీ పిలిచాను.

"ఎవర్ని నాన్నా పిలుస్తున్నావ్?" అంది.