పెడళ్ళు విప్పిన సైకిలు

తిరుపతిలో కొందరు మిత్రులు లాభాపేక్ష లేకుండా నడుపుతున్న సైకిలు బృందంతో కలిసి ప్రతి ఆదివారం తెల్లవారుజామున మైదానానికి వెళుతున్నాను. వేగంగా తొక్కగలిగినవారు అలిపిరి వైపు సాగిపోతుంటే, ఎన్నడూ సైకిలెక్కని నడివయసు స్త్రీలు మా దగ్గర ఉండిపోతారు. వాళ్ళకు సైకిలు నేర్పడమే నాకు ఇష్టమైన పని.

మొదట రెండు పెడళ్ళనూ విప్పి, అరికాళ్ళు నేలకు పూర్తిగా ఆనేంత వరకు సీటు దించి, కాళ్ళతో నేలను తోసుకుంటూ ముందుకు వెళ్ళమంటాము. (ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుందని తెలియక ఒకసారి విప్పబోయి ఇంకా బిగించేశాను.) తూకం కుదిరిన తరువాతే పెడళ్ళు పెడతాము. కుచ్చిళ్ళు చిక్కుకోకుండా చైనుకు నిండు కవరు తప్పనిసరి. చూపులేనివారి కోసం ఇద్దరు తొక్కే సైకిలు కావాలి. ధర ఎక్కువ కావడంతో అది ఇంకా రాలేదు.

పొరుగున తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల తొలినాళ్ళలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారని చెబితే, పూలు కట్టి అమ్మే ఒక అక్క "అయితే నాకెందుకు రాదు?" అంటూ పడిన చోటి నుంచి లేచి, చెంగు నడుములో దోపుకుంది.