చిలుకకు మండదు

మన బడి బ్యాచ్ సంచికకు ఏదైనా రాయమని కమిటీ నుంచి మూడోసారి ఫోన్ వచ్చింది. ఆరు నుంచి తొమ్మిది దాకా మనం ఏం చదివామో నాకు గుర్తులేదు. గుర్తున్నది 1995, పదో తరగతి, శనివారం ఆఖరి పీరియడ్. మన సైన్సు సార్ పెట్టిన షరతు: "హీరోను మీరే తయారు చేయాలె. ఒక్క అబద్ధానికి పర్మిషన్. మిగతాదంతా సైన్సే."

మన పొడుగోడు తాటిచెట్టంత హీరోను తెచ్చాడు. సార్ బోర్డు మీద లెక్క వేశారు. మనిషిని అన్ని వైపులా 10 రెట్లు పెంచితే ఎముక బలం 100 రెట్లు పెరుగుతుంది, బరువేమో 1000 రెట్లు. "నిలబడంగనే తొడ ఎముక విరుగుతది" అన్నారు. ఆ రోజు వాడి మొహం మీరంతా చూశారు. కాజీపేట జంక్షన్‌లో 25,000 వోల్టుల రైలు తీగకు వేలాడే ఇంకొకడి కరెంటు వీరుడు మాత్రం, కరెంటు నేలకు దిగే స్తంభం దగ్గరికి చేయి పోనంతవరకు బతుకుతాడని తేలింది.

నాది మిర్చి హీరో. మా బాపు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీ. సీజన్‌లో రాత్రి ఇంటికొచ్చి ఎన్ని నీళ్లతో కడిగినా చేతుల మంట పోయేది కాదు. ఆ ఘాటు నీళ్లలో కరగదని, నూనె రాసి కడగాలని చెప్పింది కూడా సారే. అందుకే నా హీరోకు చిలుక నాలుక పెట్టాను. "చిలుక మిరపకాయలు తింటది కదా సార్, దానికి మండదు. మనిషికి మండకపోవుడే నా అబద్ధం."

సార్ చాలాసేపు కిటికీ బయటికి చూశారు. "చిలుకకు ఎందుకు మండదో నాకు తెల్వదు. కానీ నోరు మిర్చికీ మండుతది, వేడి చాయ్‌కీ మండుతది. రెంటికీ దారి ఒక్కటేనేమో. మరి నీ హీరోకు చాయ్ కాలిందని ఎట్ల తెలుస్తదిరా?"

అట్లా నా హీరోకు చాయ్ బలహీనత అయింది. గ్రూపులో నన్ను ఇప్పటికీ ఏమని పిలుస్తారో రాయక్కర్లేదు.

నేను మత్తు డాక్టరునయ్యాను. మొదటి జీతం వచ్చిన నెలలోనే బాపుతో హమాలీ పని మానిపించాను. పీజీలో ఉండగా ఒక రాత్రి లైబ్రరీలో చదివాను. మిర్చి ఘాటును పసిగట్టే గ్రాహకాన్ని, అంటే నరాల్లో ఉండే చిన్న తలుపులాంటి దాన్ని, అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనిపెట్టింది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికీ అదే తెరుచుకుంటుంది. పక్షుల్లో వేడికి తెరుచుకుంటుంది గానీ మిర్చికి చలించదు. దారి ఒక్కటే! ఆ పేజీ మీద చేయి పెట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. 2021లో జూలియస్‌కు నోబెల్ వచ్చిన సాయంత్రం నేను ఫోన్ చేసింది ముందు సార్‌కే.

2023లో ఇంకో పేపర్ వచ్చింది. ఆ గ్రాహకం పనిచేయని మనిషి ఒకరు దొరికారు. మిర్చి ఘాటు తగలదు. వేడి కూడా మనకంటే ఎక్కువైతే తప్ప నొప్పిగా తెలియదు. ప్రింటు తీసుకుని హన్మకొండలో సార్ ఇంటికి వెళ్లాను. అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు. కాగితం మడిచి నా జేబులో పెట్టారు.

"అయితే నువ్వు చెప్పింది అబద్ధం కాదన్నట్టు. నీ ఒక్క అబద్ధం ఇంకా అట్లనే ఉన్నదిరా. వాడుకో."